గడప దాటే పిల్లి

సరస్సు పక్కనున్న మా ఊరు కరాకోల్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నవాడు ముందు తాను లోపలికి పోడు. మగీరా ఆపాను బతిమాలి ఆమె తెల్లపిల్లి మామిక్‌ను తెచ్చుకుంటాడు. గడప దాటిన పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడే మంచం వేస్తారు. మా మంచం కూడా అలా వేసిందే.

ఊరందరికీ ఆపా, అంటే అక్క, అయిన మగీరా తాతార్ల ఆడపడుచు, మా పక్కింట్లో దుప్పట్లు కుట్టుకుంటూ ఉంటుంది. భర్త పోయాక పిల్లులే ఆమె సంసారం.

"మీ ఆయనకంటే ఇవే నయం ఆపా, తాగి రావు" అని నేనంటే, "మీ ఆవిడా ఇదే మాట అంటోందిరా" అనేది.

మొన్న వేసవిలో మామిక్ ఆపా మేనల్లుడి గృహప్రవేశానికి దేశం అవతలి కొసనున్న ఓష్ దాకా పోయొచ్చింది. శీతాకాలం రాగానే మిగతా పిల్లులకు నోటినిండా పుండ్లు లేచాయి. టీకాలు వేయించినా ఒక్కొక్కటే తిండి మానేసి పోయాయి. ఏది పడకేసినా ఆపా దాని బుట్టలో మామిక్‌ను పడుకోబెట్టేది. శుభం తెచ్చే పిల్లి, దాని వేడి తగిలితే లేస్తుందని ఆమె నమ్మకం. చివరికి మామిక్, జబ్బుపడ్డ ఒక బూడిదరంగు కూన మిగిలాయి.

పశువుల డాక్టరు బెగాయిమ్ వాటి నోటి తడిని రాజధానికి పంపించింది. ఫలితం రాగానే వచ్చి ఆపా ఎదురుగా కూర్చుంది.

"ఆపా, ఈ వైరస్ ఒక్కోచోట ఒక్కో రకంగా మారుతుందండీ. మన సరస్సు వైపుది వేరు. మీ పిల్లుల్లో ఉన్నది ఓష్ వైపుది. టీకా దాన్ని ఆపలేకపోయింది."

"ఓష్ నుంచి ఎవరొచ్చారమ్మా ఇక్కడికి?"

బెగాయిమ్ మామిక్ వైపు చూసింది. "దీనికి పుండ్లు రావు. వైరస్‌ను నోట్లో మోస్తూ తిరుగుతుంది."

ఆపా టీ గిన్నె కింద పెట్టేసింది. "ప్రతిదాని పక్కనా దీన్ని పడుకోబెట్టింది నేనే కదమ్మా."

 

ఆ వారంలోనే కూనా పోయింది. తర్వాత కొత్త ఇంటికి మామిక్‌ను అడగడానికి మా వీధి తోక్టోసున్ వచ్చాడు.

"మీ ఇంట్లో పిల్లులున్నాయా తమ్ముడూ?"

"రెండున్నాయి ఆపా."

"అయితే వద్దు. కోడిని పంపుకో."

"కోడిని పంపితే ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ" అని తలుపేసింది.

మామిక్‌ను బయటికి వదిలితే ఊళ్ళో పిల్లులకు చేటు. లోపల ఉంచుకుంటే ఇంకో కూనను తెచ్చుకునే దారి లేదు.

"మందుపెట్టి చంపెయ్యనా దీన్ని, నువ్వే చెప్పు" అని ఆపా నన్నడిగింది.

మామిక్ లేచి, కూన పోయిన బుట్టలోకి ఎక్కింది. పక్కన చోటు వదిలి పడుకుంది.