క్రియ దాకా ఆగని మామయ్య

మా మామయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరి వాక్యాన్నీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. మన భాషలో అసలు సంగతంతా క్రియలో ఉంటుంది కదా, ఆ క్రియేమో అందరూ వచ్చి కూర్చున్నాక తీరిగ్గా చివర్న వస్తుంది. అంతదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. కర్త, కర్మ దాటగానే క్రియ తనే తగిలించేస్తాడు. పోనీ సరైనది తగిలిస్తాడా అంటే, అదీ లేదు.

ఓ రోజు అత్త బట్టలు ఇస్త్రీ చేస్తూ, "ఏమండీ, మీ కొత్త చొక్కాని..." అంది.

"కాల్చేశావా?"

"అబ్బ, కాదు. పక్కింటాయనకి..."

"ఇచ్చేశావా! వాడికెందుకే?"

"చూపిస్తే బాగుందన్నాడు మహాప్రభో! మొన్న ఆరేసినప్పుడు!"

ఈ రభసలో ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయి, వీపు మీద అచ్చుగుద్దినట్టు మచ్చ పడింది. "నేను ముందే చెప్పానా?" అన్నాడు మామయ్య గర్వంగా.

ఒకసారి ఆఫీసులో ఒకాయన తండ్రికి ఒంట్లో బాగోలేదని మామయ్య పరామర్శకు వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. "నాన్నగారు పొద్దున్నే..." అన్నాడు ఆయన. అంతే, మామయ్య ఆయన్ని కావలించుకుని, "పోయారా! ఎంత మంచి మనిషండీ!" అని కళ్ళు తుడుచుకున్నాడు. పక్కగదిలోంచి, "లేచి నాలుగడుగులు నడిచానయ్యా. అయినా ఆ మంచిమాటలేవో కానివ్వు, వింటాను" అని పెద్దాయన గొంతు వినిపించింది.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం ఏమిటంటారు? బస్టాండులో విచారణ కిటికీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం అడగడం, ఆయన చెప్పడం. పక్కనే టిక్కెట్ల కిటికీ నాది. మధ్యలో అద్దం ఒక్కటే అడ్డం కాబట్టి ఆయన ఘనకార్యాలన్నీ నా కళ్ళముందే జరిగేవి.

"సార్, ఆరున్నర బస్సు..."

"వెళ్ళిపోయింది. మళ్ళీ ఎనిమిదింటికే."

"నేను లేకుండా ఎలా వెళ్ళిందండీ? నేను దాని డ్రైవర్ని."

ఫిర్యాదుల పుస్తకం నిండిపోయి, రెండోది కుట్టించారు. ఆ రెండు పుస్తకాలూ చంకన పెట్టుకుని కొత్త అధికారి వచ్చాడు. సోమవారం పొద్దుటంతా మామయ్య వెనకాలే కూర్చుని చూస్తాడట. పద్ధతి మారకపోతే మర్నాటినుంచి టైర్ల గోడౌనుకు పంపేస్తాడట.

మామయ్య మొహం వాడిపోయింది. "టైర్లకి వాక్యాలుండవే, అమ్మడూ!" అన్నాడు. నవ్వు ఆపుకున్నానుగానీ, నాకూ దిగులేసింది. ఆ కిటికీ లేకపోతే ఆయన నెలరోజుల్లో మంచం పడతాడు.

సోమవారం నోరు కట్టేసుకోవడానికి మామయ్య బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకల్లా ఐదు బిళ్ళలు నమిలేశాడు. ఆరోది పెట్టుకునేలోగా ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"సార్, నా సంచి బస్సులో..."

"మర్చిపోయారా? మూడో గదిలో అడగండి."

"మర్చిపోలేదండీ! బస్సులో పెట్టి నీళ్ళకని దిగాను. అదిగో, కదిలిపోతోంది! ఆపించండి అని..."

అప్పటికే బస్సు గేటు దాటింది. వెనక అధికారి కలం మూత తీశాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

అప్పుడే బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. ఆవిడకి నత్తి. ఏడాదిగా ప్రతి సోమవారం మూట పట్టుకుని నా కిటికీకే వచ్చేది. "కొ... కొ... కొత్త..." అనగానే నేను "కొత్త వంతెనేగా!" అని చటుక్కున టిక్కెట్టు కొట్టి ఇచ్చేదాన్ని. ఆవిడ తల ఊపి వెళ్ళేది. ఆవిడకి శ్రమ లేకుండా చేస్తున్నానని, నా అంత జాలిగుండె మనిషి ఆ బస్టాండులోనే లేదని నా నమ్మకం. ఆ రోజు నా మిషన్లో కాగితం చుట్ట అయిపోయి కిటికీ మూసి ఉండడంతో, ఆవిడ పక్క కిటికీకి వెళ్ళింది.

"ఈ... ఈ బ... బస్సు... కొ... కొత్త..."

"కొత్త వంతెన, మామయ్యా! చెప్పేయ్!" అని అద్దం కొట్టాను.

మామయ్య నావైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తాడు. ఊరుకోమని. తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆవిడ మొహంలోకి చూస్తూ, ఆ రోజుకు ఇంకే పనీ లేనట్టు కూర్చున్నాడు. నేను పుట్టాక మామయ్య అలా కూర్చోవడం చూడలేదు.

వరసలో ఒకాయన విసుక్కున్నాడు. "వంతెనటండీ, చెప్పి పంపండి!"

"అడుగుతున్నది మీరా, ఆవిడా? ఆగండి. ఆవిడ మాట ఇంకా అవలేదు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "కొత్త... మి... మిల్లు దగ్గర... ఆ... ఆగుతుందా?"

"ఆగుతుందమ్మా. రెండో నంబరు ప్లాట్‌ఫారం దగ్గరుంది, టిక్కెట్టు బస్సులోనే ఇస్తారు. మెల్లగా వెళ్ళండి, డ్రైవరుతో నేను చెబుతాను."

అద్దం పక్కనుంచి మెడ చాపి, "మిల్లా? ఏడాదిగా వంతెనకి కదమ్మా వెళ్తున్నారు?" అన్నాను.

"మీరు... వం... వంతెన అన్నారు. ఆ బస్సు... మి... మిల్లు దగ్గర ఆగదు. వంతెన దగ్గర దిగి... వె... వెనక్కి నడిచేదాన్ని."

"ఏడాదిపాటా! ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"మీరు... అంత... ప్రేమగా ఇచ్చేవారు."

సిగ్గుతో చచ్చిపోయాను. అధికారి లేచి నిలబడ్డాడు. పుస్తకం మూసి, "చూడండి, మిమ్మల్ని ఈ కిటికీ నుంచి..." అని ఆగాడు.

మామయ్య గబుక్కున ఆరో పిప్పరమెంటు బిళ్ళ బుగ్గన పెట్టుకున్నాడు.

"ఏమండీ, పూర్తి చెయ్యరేం?"

"మీరే కానివ్వండి సార్. ఇది నా నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయంగా ఉంది."

"కదిలించను," అన్నాడు అధికారి. "ముందు ఆ సంచి పోయినాయన సంగతి చూడండి."

సంచి వెనక్కి తెప్పించాక, మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాను. "అందరికీ అడ్డం పడతావు కదా మామయ్యా, ఆవిడ దగ్గర ఎలా ఆగావు?"

"వాళ్ళంతా 'కాదు' అని నా మీద పడి అరుస్తారే. ఆ ధైర్యంతోనే నేను తొందరపడతాను. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాగా, ఈవిడ నువ్వేమన్నా తల ఊపుతుందిగానీ కాదనదు. కాదనని మనిషి మాటని మనం పూర్తి చేస్తే..."

"పాపం తగులుతుందా?"

"కాదే! వాళ్ళకి కాళ్ళు నొప్పులు పుడతాయి. అయినా నన్ను చెప్పనివ్వవేం? ఇదేం అలవాటే నీకు!"

మళ్ళీ సోమవారం ఆవిడ నా కిటికీకే వచ్చింది. నేను ముందుగానే 'కొత్త మిల్లు' మీట మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"కొ... కొత్త..."

నోటిదాకా వచ్చింది. అద్దంలోంచి మామయ్య చూస్తున్నాడు. పెదవి కొరుక్కుని ఆగాను. వరసలో ఎవరో దగ్గారు, ఇంకెవరో గొణిగారు. ఆగాను.

"...వంతెన," అందావిడ.

"మిల్లు కాదా?"

"ఈ వారం... పని... వం... వంతెన దగ్గరే," అని ఫక్కున నవ్వింది.

నేనూ నవ్వుతూ మీట మీద వేలు జరిపి, వంతెనకి టిక్కెట్టు కొట్టాను.