కట్ అంటే ఆగని బాతులు

గొంతు ఆపరేషన్ తర్వాత మా తమ్ముడు ఇరవై మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట పుట్టే భాగం మొత్తం తీసేశారు. మెడ కింద పావలా బిళ్ళంత రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే తీసుకోవాలి. జులై మొదటి గురువారం ఉదయం పదకొండింటికి ఇంటికి తీసుకొచ్చాను. ఆటో దిగి వాడు ముందు చూసింది ఇంటివైపు కాదు, కింద బాతులు ఈదే గుంటవైపు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పోయేటప్పుడు పదకొండు బాతులు. ఇప్పుడు తొమ్మిది.

అప్పటికి మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్నారు. మా తమ్ముడు వాళ్ళలో ఒకరి వెంట సామాను మోస్తూ వచ్చి, ఫిల్మ్‌నగర్ వెనక వాలులో బండల మధ్య రెండు గదులు వేసుకుని, షూటింగులకు పక్షుల్ని ఇచ్చేవాడు. పావురాలు, చిలకలు పోయి చివరికి బాతులు మిగిలాయి. పెళ్ళి చేసుకోలేదు. షూటింగు కాగితాల్లో వాటిని హంసలు అని రాసేవారు. నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. అవి తెల్లటి పెద్ద బాతులు, అంతే. హీరోయిన్ పడవలో కూర్చుని పాడుతుంటే వెనక ఈదేవి. తెర మీద చూసినవాళ్ళు ముచ్చటపడేవారు. ఇంటికి వచ్చినవాళ్ళు మాత్రం గేటు దగ్గరే ఆగిపోయి వాడిని కేకేసేవారు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. శ్రీనగర్ కాలనీలో నా గదికి తాళం వేసి, రెండు చీరల సంచీ, డైరీ పట్టుకుని వాడి దగ్గరికి వచ్చేశాను. నెల రోజులు ఉంటే చాలనుకున్నాను.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఆ బాతులు పగలంతా కింద పాత క్వారీ గుంటలో నీళ్ళలో ఉండేవి. పొద్దు వాలేసరికి వాడు షెడ్డులో నిలబడి పిలిస్తే వరసగా వచ్చి లోపల దూరేవి. మరొకరి గొంతు వాటికి తెలియదనుకున్నాను. వాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ గింజలు వేసింది పక్కింటావిడ. ఆమె పుట్టిల్లు బోరబండ, భర్త షూటింగుల్లో లైట్‌మ్యాన్. ఆమె కర్ర పట్టుకుని తోలితే అవి బండల్లోకి చెదిరిపోయేవి. బయట ఉండిపోయినవాటి మీదికి ఊరకుక్కలు వచ్చేవి. రెండు అలాగే పోయాయి.

వచ్చిన మూడో రోజు, శనివారం, ఇంకొకటి పోయింది. పొద్దున్నే గుంట ఒడ్డున ఈకలు కనిపించాయి. వాడికి చెప్పకూడదనుకున్నాను. కానీ వాడు ప్రతి సాయంత్రం మంచం దిగి, గోడ పట్టుకుని, కిటికీ ఊచల దగ్గరికి వచ్చి తానే లెక్కపెట్టేవాడు. ఎనిమిది అని తెలిసిన మర్నాడు గంజి ముట్టలేదు. గ్లాసు నోటిదాకా తీసుకెళితే తల పక్కకు తిప్పుకున్నాడు. ఆపరేషన్‌కు ముందే నలభై ఏడు కిలోలున్న మనిషి. రోజుకు నాలుగు గ్లాసుల గంజి తాగకపోతే లాభం లేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. బాతు పోయిన మర్నాడు సున్నా గ్లాసులు. ఈ లెక్క నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

పలక, బలపం కొని ఇచ్చాను. పక్కకు నెట్టేశాడు. వాటిని ఎలా పిలిచేవాడివిరా అని నాలుగుసార్లు అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అందుకని నేనే వాటితో స్నేహం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆదివారం ఉదయం, అవి గుంటకు దిగకముందే, షెడ్డు ముందు తోటకూర కట్ట పట్టుకుని వాటికి ఇరవై అడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్నాను. అరగంట. మర్నాడు పద్దెనిమిది అడుగులు. రోజుకు రెండడుగుల చొప్పున దగ్గరికి జరగాలని పద్ధతి పెట్టుకున్నాను. పిల్లలకు ఎక్కాలు కూడా అలాగే నేర్పాను. బుధవారానికి పద్నాలుగు అడుగులు. ఆ రాత్రి ఇంకో బాతు పోయింది. ఏడు మిగిలాయి. గురువారం మళ్ళీ సున్నా గ్లాసులు. తర్వాత వాన పట్టుకుంది, కుక్కలు రాలేదు. నేను గొడుగు వేసుకుని కూర్చున్నాను.

పక్కింటావిడ గోడమీద నుంచి చూసి అడిగింది.

“ఏంది టీచరమ్మా, బాతులకు పాఠాలు చెప్తున్నవా?”

“నన్ను అలవాటు చేసుకోవాలి కదమ్మా.”

“గట్ల కూసుంటే అలవాటైతయా? మీ తమ్ముడు గిట్ల కూసునెటోడు కాదు. పొద్దుగూకంగ కట్, కట్ అని ఒర్లుతుండె. మా ఇంట్ల దాకా వినొస్తుండె.”

“కట్ అంటే ఏమిటి?”

“అయ్యో, గింత సదువుకున్నవు, గదీ తెల్వదా? సినిమాల కట్ అంటే ఆపమని. డైరెక్టర్ కట్ అంటే హీరో ఆగుతడు, మా ఆయన లైట్లు బంద్ చేస్తడు. గివి గూడ సినిమా బాతులే గద. మీదికొస్తే కట్ అను, ఆడనే నిలబడ్తయి.”

నాకు సబబుగానే తోచింది. ఈ కొండ మీద ఆ మాటకు ఆగనివాళ్ళు లేరు. డైరీలో రాసుకున్నాను కూడా: కట్ అంటే ఆగుతాయి.

రెండో ఆదివారం ఆరడుగుల దూరం. వాన తెరిపిచ్చింది. ఉతికి గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకున్నాను. వాటి రంగు కాబట్టి బెదరవని నా ఆలోచన. పీట వేసి, తోటకూర ముందు పెట్టి, మెల్లగా కూర్చున్నాను. వాటిలో పెద్ద పోతుబాతు మెడ నేలకు ఆనించి బుస కొట్టింది. ఇంకొకటి కలిసింది. లేచి నిలబడ్డాను. అవి రెండడుగులు ముందుకు వచ్చాయి.

క్లాసులో వెనక బెంచీవాళ్ళకు వినిపించే గొంతుతో, “కట్” అన్నాను.

ఏడూ ఒక్కసారి తలలెత్తాయి. తర్వాత రెక్కలు విప్పుకుని నా మీదికి పరుగెత్తుకొచ్చాయి.

గట్టిగా అనలేదేమోనని మళ్ళీ అన్నాను. ఇంకా వేగంగా వచ్చాయి. మొత్తం నాలుగుసార్లు అన్నాను. అన్నకొద్దీ ఎగబడ్డాయి. వెనక్కి నడుస్తూ నడుస్తూ వాటి స్నానానికి కట్టిన సిమెంటు తొట్టిలో వెల్లకిలా కూలబడ్డాను. నీళ్ళు అంతగా లేవు, ఉన్నదంతా బురదా రెట్టా. పోతుబాతు కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది. రెండు బాతులు నా చేతులు వెతుకుతున్నాయి, వేళ్ళ మధ్య ముక్కులు పెట్టి. ఒకటి నా కళ్ళజోడు పట్టుకుపోయింది.

“టీచరమ్మా, కట్ అనకు. అనకు,” అని పక్కింటావిడ గోడ అవతల నుంచి అరుస్తోంది. అరుస్తూనే కడుపు పట్టుకుని గోడకు జారగిలబడింది.

“నువ్వే కదమ్మా అనమన్నావు.”

“నాకేం ఎరుక, గివి వేరే సినిమావని.”

అప్పుడు కిటికీవైపు చూశాను. వాడు ఊచలు పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కళ్ళజోడు లేదు. దగ్గరికి పరుగెత్తాక తెలిసింది, నవ్వుతున్నాడు. నోట్లోంచి శబ్దం లేదు. మెడలో రంధ్రం దగ్గర గాలి తోలుతిత్తిలా బుసబుస కొడుతోంది. చిన్నప్పుడు మా ఇంటి వెనక వసారాలో నవ్వి నవ్వి పొర్లేవాడు, వాడి నవ్వు వీధి చివరికి వినిపించేది. ఇప్పుడు ఆ నవ్వు ఇలా వస్తోంది. ఆ తర్వాత దగ్గు మొదలైంది. రంధ్రం మీది గుడ్డ ఎర్రబడింది. బురద చేతులు కడుక్కుని, గుడ్డ మార్చి, వీపు రాస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పక్కింటావిడ వేడినీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు నవ్వడం లేదు.

దగ్గు తగ్గాక వాడు చెయ్యి చాపాడు. పలక ఇచ్చాను. మొదటిసారి తీసుకున్నాడు.

“కట్ అంటే ఆగమని కాదక్కా. గింజలు.”

రెండోవైపు తిప్పి మిగతాది రాశాడు. షాట్ తీసేటప్పుడు వాటిని ఆకలితో ఉంచేవాడు, లేకపోతే నడవవు. డైరెక్టరు కట్ అన్నాకే గింజలు వేసేవాడు. అవి పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ అంతే. మనుషులకు ఆ మాట పని అయిపోయిందని. వాటికి అన్నం వేళ అయిందని. ఇంట్లో కూడా సాయంత్రం షెడ్డులో గింజల బేసిన్ పట్టుకుని ఆ మాటతోనే పిలిచేవాడు.

నా పిక్క మీద మూడు, చేతి మీద రెండు, మొత్తం ఐదు చోట్ల కమిలింది. కళ్ళజోడు గుంట ఒడ్డున దొరికింది, ఒక అద్దం లేకుండా.

సోమవారం సాయంత్రం ఆరుంపావుకు షెడ్డులో నిలబడి, నానబెట్టిన వడ్ల బేసిన్ పట్టుకుని “కట్” అన్నాను. ఏడూ వరసగా వచ్చాయి. తలుపు వేసి గడియ పెట్టాను. కిటికీలో వాడు చూస్తున్నాడు. ఆరోజు నాలుగు గ్లాసులు తాగాడు. మంగళవారం కూడా నాలుగు. నా పని నెరవేరిందని డైరీలో రాసుకున్నాను.

బుధవారం వాడు కిటికీ దగ్గరికి రాలేదు. లోపలికి వెళ్ళి, “ఏడూ వచ్చాయిరా,” అన్నాను. కళ్ళు తెరవకుండా తల ఊపాడు. గురువారమూ అంతే. శుక్రవారానికి గంజి రెండు గ్లాసులకు దిగింది, ఆదివారానికి ఒకటి. దగ్గు లేదు, జ్వరం లేదు. బాతులు క్షేమంగా ఉన్నాయి. వాటి కోసం లేవాల్సిన అవసరం లేదు, అంతే. ఆ అవసరాన్ని తీసేసింది నేనే. వాడికి మిగిలిన ఒక్క పనీ నేను నేర్చేసుకున్నాను.

సోమవారం సాయంత్రం ఏడూ లోపలికి వచ్చాక మంచం దగ్గరికి వెళ్ళాను. నా సర్వీసంతా మార్కుల్లో అర కూడా అటూ ఇటూ వెయ్యలేదు.

“ఆరే వచ్చాయిరా,” అన్నాను.

కళ్ళు తెరిచాడు. మోచేయి ఆనించి లేవబోయి, పడి, మళ్ళీ లేచాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. కిటికీ చేరడానికి పది నిమిషాలు పట్టింది. చూపించమని సైగ చేశాడు. షెడ్డు తలుపు తీసి దీపం పట్టాను. వేళ్ళు మడుచుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత నావైపు చాలాసేపు చూశాడు. పలక తీసుకుని 7 వేసి, దాని కింద రెండు గీతలు గీశాడు. తప్పు దిద్దేటప్పుడు నేను గీసేది అలాగే.

కింద రాశాడు: “లెక్కల టీచరువి.”

“పొరపడ్డాను. కళ్ళజోడు సరిగా లేదు కదా.”

అదీ నమ్మలేదు. నా లెక్క మళ్ళీ ఎప్పుడూ నమ్మలేదు. మర్నాటి నుంచి పొద్దు వాలకముందే మంచం దిగి, ఊచలు పట్టుకుని, నేను పిలిచేదాకా నిలబడి, తానే లెక్కపెట్టుకునేవాడు. దానికి ఓపిక కావాలి కాబట్టి మధ్యాహ్నం రెండు గ్లాసులు తాగేవాడు. నేను ఏడు అంటే చెయ్యి ఊపి ఊరుకోమనేవాడు. అలా పదకొండు సాయంత్రాలు.

పన్నెండో సాయంత్రం కాళ్ళు కిందికి దించాడు కానీ లేవలేకపోయాడు. ఏడూ వచ్చాయి. గడియ వేసి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, ఏడు అని చెప్పాను. నా ముఖం చూస్తూ ఉన్నాడు. నిజమే చెబుతున్నానని రెండుసార్లు అన్నాను.