తీతు కూతురి మెడికల్

ఖరగ్‌పూర్ తెలుగు చర్చికి వచ్చేవాళ్ళలో తీతుని ఎరగనివాళ్ళు లేరు. మనిషి మెతక, మాట మాత్రం గట్టి. గూడ్సు బండి డ్రైవరుగా సగం బెంగాల్‌నీ సగం ఒడిశానీ చూసినవాడు. ఇంజన్లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. తీతు ఆ అలవాటుని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. కూతురు ఎవాంజలిన్‌ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పట్టాల పక్కనున్న పూరీ గేట్ వైపు వెళ్తుంటే, దూరాన సిగ్నల్ చూసి ఆ పిల్ల "పచ్చ!" అని అరిచేది. వెనక నుంచి తీతు "పచ్చ!" అనేవాడు.

పిల్ల ధ్యాస మాత్రం పట్టాల మీద లేదు, ఆకాశంలో ఉంది. ఊరి పక్క సాలువా మీదుగా విమానం పోతే అన్నం ముందు నుంచి లేచిపోయేది. పైలట్‌ని చెయ్యమని సండే స్కూల్లో ప్రార్థన కూడా చేసింది. తీతు మురిసిపోయి కాలనీ అంతా చెప్పుకున్నాడు.

తర్వాత ఒకే ఏడాది రెండు దెబ్బలు. రైల్వే ఆస్పత్రిలో డ్రైవర్లకి మామూలుగా జరిగే మెడికల్లో తీతు కుడికన్ను తప్పింది. అద్దాలు పెట్టినా చూపు సరిపోలేదు. ఇంజను మీంచి దింపి, డ్యూటీకెక్కే డ్రైవర్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి డ్యూటీ పెట్టెని మంచం కిందికి తోసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య అన్నమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. ఇక ఆ ఆస్పత్రి మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ వానాకాలంలోనే ఎవాంజలిన్‌కి బళ్ళో బోర్డు మసకబారింది, అద్దాలొచ్చాయి.

రైల్వేవాళ్ళ బుర్రలు కూడా పట్టాల మీదే నడుస్తాయి. అద్దాలున్నవాణ్ణి డ్రైవరుగా చేర్చుకోరని కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. "ఇంజను మీదికే అద్దాల కన్నుని ఎక్కనివ్వరు, ఇమానం మీదికి ఎక్కనిత్తారేటి?" అన్నాడు తీతు. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. పదో తరగతి అయ్యాక ఫిజిక్సు, మేథ్సు తీసుకుంటానన్న పిల్లని కోప్పడి, బతిమాలి, ఆర్ట్స్‌లో చేర్పించాడు. "ఆశెట్టుకుని సివరాకర్న డాక్టరు కాడ పడిపోకు తల్లీ. ఆ దెబ్బ ఏటో నాకు తెలుసు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అందుకే ఆ పిల్ల ఎదురు చెప్పలేకపోయింది. హిస్టరీతో డిగ్రీ పూర్తిచేసి, హిజ్లీలో ఒక హాస్టల్ ఆఫీసులో చేరింది.

మొన్న చలికాలంలో చర్చిలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు అన్న సిరిల్ ప్యాసింజరు విమానాల్లో కో-పైలట్. అతని ముక్కు మీద దళసరి అద్దాలు. బిర్యానీ పళ్ళెం పట్టుకున్న తీతు అతన్నే చూస్తూ నిలబడిపోయాడు.

"అద్దాలెట్టుకుంటే ఎలా ఎక్కనిచ్చినారు బాబూ?"

"అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు అంకుల్. వాళ్ళు ముందడిగేది ట్వెల్త్‌లో ఫిజిక్సు, మేథ్సు ఉన్నాయా అని. అవి లేకపోతేనే వెనక్కి పంపేస్తారు."

పళ్ళెం ఎక్కడ పెట్టాడో తీతుకే తెలీదు. తిన్నగా ఇంటికి నడిచాడు. ఎవాంజలిన్ బట్టలు మడతపెడుతోంది. విన్నదంతా చెప్పాడు.

"నీకు నేనే అడ్డం పడినాను తల్లీ."

"నాకు తెలుసు నాన్నా. ఎప్పట్నించో తెలుసు."

"తెలిసీ నాతో సెప్పనేదేటి?"

"ఏటని చెప్పను? నీ కన్ను కోసం పడ్డ ఏడుపు నీకు చాలదా?" ఆమె మడత ఆపింది. "ఆ రెండు సబ్జెక్టులూ ఓపెన్ స్కూల్లో కట్టినాను. ఫిజిక్సు ఓసారి పోయింది. మళ్ళీ రాసి పాసైనాను."

తీతు మంచం మీద కూలబడ్డాడు. "మరింకేటి? ఎందుకాగిపోనావు?"

"ముందు మెడికల్‌కి వెళ్ళాలి నాన్నా. ఆ రోజు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు చూడు, అది కళ్ళ ముందుకొచ్చేస్తాది. పుస్తకాలు చదివినాను గానీ, ఆ డాక్టరు గదిలోకి వెళ్ళలేకపోతన్నాను."

తన కన్ను పోయిన రోజు కూడా తీతుకి అంత బాధ కలగలేదు. తన భయాన్ని బిడ్డకి అన్నంలో కలిపి పెట్టానని అప్పుడు తెలిసింది. "నేనొత్తాను" అన్నాడు. విమానం నడపడం నేర్చుకోడానికయ్యే ఖర్చు కొండంత. అది తర్వాతి సంగతి, ముందు ఈ తలుపు దాటాలి.

ఆస్పత్రి మెట్లెక్కనన్న మనిషి కూతురితో లోకల్ ఎక్కి కోల్‌కతా వెళ్ళాడు. పైలట్లకి మెడికల్ చేసే డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. సగం తెరిచిన తలుపులోంచి గోడ మీది అక్షరాల అట్ట కనబడుతోంది. పై వరుస తీతుకి ఆనింది. దాని కింది వరుస మసక. ఆ కింద ఏమున్నాయో ఎంత చూసినా తెలియలేదు.

లోపల ఎవాంజలిన్ అద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుస ఆగి ఆగి చదివింది. రెండో వరుస దాటి కిందికి దిగింది.

"ఎఫ్" అంది.

అతనికి కనబడని అక్షరం. "ఎఫ్" అన్నాడు తీతు బెంచీ మీంచి, మెల్లగా.

"పి."

"పి."

చివరి వరుస చివరి అక్షరం దాకా ఆమె ఆగలేదు, వెనకే తీతూ ఆగలేదు.