పరోక్ష మరణం

ఫ్లోరిడాలో వాతావరణ శాస్త్రంలో మాస్టర్స్ చేసేటప్పుడు, సముద్రానికి దగ్గరగా ఒక తెలుగు దంపతుల ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. అంకుల్ రిటైరైన ఇంజనీరు. నా లాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడటం ఆయనకు భలే సరదా.

ఆ ఏడు ఆఫ్రికా తీరం నుంచి బయల్దేరిన అల్పపీడనాన్ని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పైగాలులు దాన్ని చెదరగొడుతూనే ఉన్నాయి. కరీబియన్ దాటాక ఆ గాలులు తగ్గాయి. ఫ్లోరిడా పక్కనున్న గల్ఫ్‌లో నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. ఒక్క రోజులో అది మేజర్ హరికేన్ అయింది. తెరమీద దాని కన్ను స్పష్టంగా విచ్చుకోగానే మా ల్యాబ్‌లో చప్పట్లు కొట్టారు. నేను బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

"అంకుల్, వెంటనే స్టార్ట్ అవ్వండి. ట్రాక్ మనవైపే ఉంది."

"ప్యాక్ చేస్తున్నామమ్మా. ఆంటీ దేవుడి పటాలు కూడా కార్‌లో పెట్టేసింది."

చెప్పిన మాట విన్నారు. దూరంగా స్నేహితుల ఇంట్లో క్షేమంగా ఉన్నారు. హరికేన్ మా పైకప్పు సగం ఎత్తుకుపోయి, ఉత్తరాన కొండల మీద వానగా కురిసి శుక్రవారానికి చెదిరిపోయింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి కరెంటు లేదు. ఆదివారం అంకుల్ గరాజ్‌లో జనరేటర్ పెట్టి, జల్లు కొడుతోందని తలుపు దించేశారు. ఆంటీ పక్కింటి నుంచి వచ్చేసరికి ఆయన ఆ పొగలో కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు.

నా థీసిస్ ఆ హరికేన్ చరిత్రే. చివరి పేజీలో ఆయన మరణం గురించి రాస్తే ప్రొఫెసర్ కొట్టేశారు.

"ఇది ఇండైరెక్ట్ డెత్, గాలో నీళ్లో చంపింది కాదు. నీ చరిత్ర తుఫాను చెదిరిపోవడంతో ఆగాలి."

పద్ధతి ప్రకారం ఆయన మాట తప్పు కాదు. తీసేశాను.

థీసిస్‌ని అందరి ముందు సమర్పించిన రోజు ఆంటీ వచ్చి వెనక వరుసలో కూర్చుంది. పుట్టుక, బలపడటం, తీరం తాకడం, అంతం, అన్నీ చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. కార్‌లో ఆమె అడిగింది.

"అది శుక్రవారమే అయిపోయిందన్నావు కదమ్మా?"

"అవునాంటీ."

"మరి మీ అంకుల్ ఆదివారం కదా పోయింది?"

"దాన్ని ఇండైరెక్ట్ అంటారాంటీ."

"ఎవరికి ఇండైరెక్టు?"

ఆ నెలలోనే ఆమె దూరంగా ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నా ఫోన్లు ఎత్తదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు కొత్త విద్యార్థులతో నా థీసిస్ చదివిస్తున్నారట. అనవసరమైన వాక్యం ఒక్కటీ లేదని పొగుడుతారట.