దర్జీగారమ్మాయి ఇంట్లో ఉందా?

మూత తీయగానే పాత అట్టల వాసన, దాని వెనకే లవంగాల వాసన. రత్నం ఆంటీ ఈ పేకపెట్టెను వంటింట్లో మసాలా డబ్బాల పక్కన పెట్టేవారు. పొద్దున ప్రసాద్ గారి నుంచి మెసేజ్ వచ్చింది. మూడేళ్ళ క్రితం నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన మేనేజర్ ఆయన. ఇప్పుడు ఆయన ఉద్యోగమూ పోయిందట, మా టీమ్‌లో ఖాళీ ఉందా అని అడుగుతున్నారు. ఖాళీ ఉంది. జవాబు రాయలేక పెట్టె తెరిచాను.

ఆంటీది గుంటూరు. ఇంగ్లండ్‌లో నర్సుగా చేసి, తరువాత అమెరికాలో మా నోవై ఊరికి వచ్చి, రిటైరయ్యాక మా కింది ఫ్లాట్‌లో ఉండేవారు. ఈ పేకముక్కలు ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చిన ముసలావిడ ఇచ్చిందట, వందేళ్ళ నాటివి. రాజులూ రాణులూ ఉండరు. కసాయి, రొట్టెలాయన, దర్జీ, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. ఎదుటివాళ్ళను అడిగి పుచ్చుకుంటూ ఒక్కో కుటుంబాన్ని ఒకచోట చేర్చాలి. ఆ కుటుంబంలో ఒకరైనా మన చేతిలో ఉంటేనే అడగాలి. అడిగిన ముక్క ఉన్నవాళ్ళు ఇచ్చి తీరాలి. లేకపోతే ‘ఇంట్లో లేరు’ అంటారు, అడిగే వంతు వాళ్ళకు పోతుంది. దర్జీ కూతురి ముక్క ఎప్పుడో పోతే, కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట కత్తిరించి జడల పిల్లను ఆంటీయే గీశారు.

శనివారాలు ఆంటీ, ఆవిడ చర్చి స్నేహితులిద్దరు, నేను ఆడేవాళ్ళం. నేను ప్రతిసారీ ఓడిపోయేదాన్ని.

“దర్జీనీ, పెళ్ళాన్నీ చేతిలో పెట్టుకుని కసాయిని అడుగుతావేందమ్మాయ్?”

“దర్జీ కూతుర్ని అడిగితే నా దగ్గర ఏముందో అందరికీ తెలుస్తది కదా ఆంటీ.”

“తెలిస్తే తెలిసింది. అడగందే అమ్మైనా పెట్టదు.”

నాకు అడగడమంటే చచ్చేంత నామోషీ. అందుకే మూడేళ్ళ క్రితం ఆ చలికాలం ఉద్యోగం పోయినప్పుడు ఎవరికీ చెప్పలేదు. ప్రసాద్ గారు కెమెరా కూడా ఆన్ చేయకుండా పది నిమిషాల్లో తేల్చేశారు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోయినట్టే. అయినా రోజూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని, వెళ్ళి లైబ్రరీ పార్కింగ్‌లో కూర్చునేదాన్ని. తెలుగువాళ్ళ గ్రూపులో నా పేరు నలుగుతుందని భయం. ఇరవై రోజులు అలాగే పోగొట్టుకున్నాను, తెలివితక్కువదాన్ని.

శనివారం మిగతా ఇద్దరూ రాకముందే ఆంటీ టీ ఇచ్చి అన్నారు: “పుస్తకాలివ్వడానికి లైబ్రరీకొచ్చా. కార్లో కూర్చుని పెరుగన్నం తింటన్నావు. ఎన్ని రోజులున్నాయ్?”

“నలభై,” అని ఏడ్చేశాను.

“ఇయ్యాళ ముక్కలొద్దు. ఉద్యోగం అడుగు.”

స్నేహితులు వచ్చాక అడిగాను. మొదటాయన “ఇంట్లో లేరమ్మా” అన్నాడు, నిజంగానే బాధపడుతూ. రెండో ఆవిడ, “మా అల్లుణ్ణి అడుగుతా, రెజ్యూమే పంపు,” అంది. అక్కడా దొరకలేదు. కానీ నోరు తెరుచుకుంది. కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగాను. యాభై మూడో రోజున ఆఫర్ వచ్చింది.

ఆంటీ పోయి ఏడాదైంది. వాళ్ళమ్మాయి ఈ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

ప్రసాద్ గారి మీద నాకు కోపం పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. ‘ప్రస్తుతం ఏమీ లేవండీ’ అని రెండుసార్లు టైప్ చేశాను. రెండుసార్లూ చెరిపేశాను. ఒళ్ళో కార్న్‌ఫ్లేక్స్ అట్ట మీది జడల పిల్ల ఉంది. ఉన్నవాళ్ళు లేదనకూడదు.

“ఉంది సార్. రెజ్యూమే పంపండి,” అని రాశాను. ఇంకో మాట అడిగాను: “ఇంట్లో చెప్పారా?”

జవాబు వచ్చింది. “లేదు స్వప్నా. లైబ్రరీలో ఉన్నాను.”