చెకింగ్ లేని చోట్లు

పోయిన ఆదివారం పొద్దున మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల, రాజుపాలెం వైపు పోయే దారుల్లో పోలీసులు బండ్లు ఆపే చోట్లు, ఆపే వేళలు, వాటి మధ్య ఎవరూ ఆపని దూరాలు, అన్నీ గడులు గీసి వరసగా రాసిన కాగితం అది. చేతులు మారి మారి వచ్చింది కాబట్టి అక్షరాలు మసకబారాయి, కొన్ని చోట్ల వేరే చేతిరాతతో కొత్త పేర్లు చేరాయి. అయినా ఎడమవైపు కిలోమీటరు రాయి, దాని పక్కన మీటర్లలో దూరం, చివరి గడి పైన "ఇక్కడి నుంచి భయం లేదు" అన్న మాట చూసేసరికి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ గడులు గీసింది నేనే. గీసి పదేళ్ళు దాటింది. అది ఇంకా బతికే ఉందని నాకు తెలియదు.

నాకిప్పుడు ముప్ఫై మూడేళ్ళు. ఈ వయసుకే ఆ రోజులు, ఆ కాలం అంటూ మొదలుపెడితే పెద్దవాళ్ళు నవ్వుతారు గానీ, నా ఈడువాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది. మనం డిప్లొమాలు ముగించుకుని మొదటి జీతాలు అందుకున్న రోజుల్లో పోలీసు మన ఎదురుగా నిలబడి, బండి తాళంచెవి లాక్కుని, కార్బన్ కాగితం పెట్టిన పుస్తకంలో మన పేరు రాసేవాడు. ఆయనతో వాదించడానికి, బతిమాలుకోవడానికి, మనకు తెలిసిన పెద్దమనుషుల పేర్లు చెప్పుకోవడానికి సందుండేది. ఆ తర్వాత చేతిలో పట్టుకుని జరిమానా రసీదు కొట్టే మిషన్లు వచ్చాయి, ఆ వెనక ఫోన్లతో ఫోటోలు తీయడం వచ్చింది, ఇప్పుడు స్తంభాల మీది కెమెరాలు మనం ఇల్లు చేరేలోపే కబురు పంపుతున్నాయి. నేను చెప్పబోయేది మిషన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం సంగతి.

అప్పుడు నేను రోడ్ల సర్వే చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాణ్ణి. ప్రమాదాలు పదే పదే జరిగే చోట్లను గుర్తించి, చక్రం ఉన్న కొలత కర్రను దొర్లించుకుంటూ దగ్గరలోని కిలోమీటరు రాయి నుంచి దూరం కొలిచి, రోడ్డు అంచున పసుపు రంగు గుర్తు వేసి, ఆ వివరాలు కాగితానికి ఎక్కించడం నా పని. ప్రమాదాల కేసు కాగితాల్లో ధాబా దగ్గర అనో, వేపచెట్టు దాటినాక అనో రాసి ఉండేది. పోయి చూస్తే ధాబా ఎప్పుడో మూతపడి ఉండేది, వేపచెట్లు ఫర్లాంగుకు పది ఉండేవి. పొలాల్లో పనిచేసుకునే వాళ్ళను అడిగి, రోడ్డు పక్కన పగిలిన అద్దం పెంకులు వెతికి, చివరకు చోటు తేల్చేవాణ్ణి. ఎవరి ఇంట్లోనో జరిగిన ఒక చావుకు కచ్చితమైన చిరునామా ఇచ్చానన్న తృప్తి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నాకు నిజంగానే ఉండేది. మూడు దారుల్లో కలిపి అలాంటి చోట్లు పదకొండు తేలాయి. అందులో ఏడోది రాజుపాలెం దారిలో, ప్రొద్దుటూరు వైపు వచ్చేటప్పుడు రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దాటగానే వచ్చే మలుపు. కంకర తోలే టిప్పర్లు అక్కడ తిరిగేటప్పుడు కొంత సరుకు రోడ్డు మీద రాలిపోయేది.

తిరగడమే పని కాబట్టి నన్ను పోలీసులు తరచుగా ఆపేవాళ్ళు. ఒకే నెలలో మూడుసార్లు జరిమానా కట్టాను, ఒకసారి ఇన్సూరెన్సు తేదీ దాటిందని, ఒకసారి కుడివైపు అద్దం లేదని, ఒకసారి హెల్మెట్ ట్యాంకు మీద ఉందే గానీ తల మీద లేదని. ఏ సంగతైనా రాసి పెట్టుకోందే తోచని స్వభావం నాది. ఆపిన చోటు, రోజు, వేళ చిన్న పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. స్నేహితులు తాము చిక్కిన చోట్లు చెబితే అవీ రాసుకున్నాను. మూడు నెలలయ్యేసరికి ఒక పద్ధతి కనబడింది. ఊళ్ళోకి వచ్చే ముందు తిన్నటి రోడ్డు మీద చెట్టునీడ ఉన్నచోట పొద్దున ఆపుతారు. శ్రావణమాసం శనివారాలు గండి ఆంజనేయస్వామి దగ్గరికి జనం పోయే దారిలో తప్పకుండా ఉంటారు. నెలాఖరు వారంలో అన్నిచోట్లా ఉంటారు. ఇదంతా శుభ్రంగా ఒక కాగితం మీద రాసి, నేను రోజూ టీ తాగే అంగడి గోడకు అంటించాను. అంగడి నడిపే భాయ్ మొదట భయపడ్డాడు.

"పోలీసోళ్ళు గూడా ఈడనే తాగుతారప్పా టీ. వాళ్ళ డ్యూటీ చార్టు వాళ్ళకే చూపిస్తాండావు నువ్వు" అన్నాడు. వారం తిరిగేసరికి, కాగితం చదవడానికి వచ్చినవాళ్ళు టీ కూడా తాగిపోతున్నారని గమనించి, ఆయనే జిరాక్సులు తీయించి పెట్టాడు.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు. రాజుపాలెంలో ఉంటూ ప్రొద్దుటూరులోని ఒక నూనె మిల్లుకు రోజూ పొద్దున బండి మీద వచ్చేవాడు. రైతులు తెచ్చిన శనక్కాయల బస్తాలోంచి గుప్పెడు తీసి, నాలుగు కాయలు అరచేతిలో నలిపి, వాసన చూసి ధర చెప్పడం ఆయన పని. బూజు పట్టిందా, ఆరకముందే మూట కట్టారా, పోయినేటి సరుకును ఈ ఏటిదాంట్లో కలిపారా, అంతా ఆయన ముక్కే చెప్పేది. వాసనలకు ఆయన దగ్గర లెక్కలేనన్ని మాటలుండేవి. ఒక బస్తాది సున్నం కొట్టిన పచ్చిగోడ వాసన అనేవాడు, ఇంకొకదానిది ఎండలో కాగిన ఇనుము వాసన, వేరొకదానిది వానలో తడిసిన మేక వాసన. యజమాని తేమ చూసే యంత్రం తెప్పించినా, మామ తలూపితేనే తూకం మొదలయ్యేది.

ఆయనకు హెల్మెట్ పడదు. ఉక్కపోతను ఆయన లెక్కచేసేవాడు కాదు. లోపలి మెత్తకు చెమటా తలనూనే కలిసిన వాసన పట్టి ఉంటుందనీ, అరగంట పెట్టుకుని వస్తే పది గంటల దాకా అదే ముక్కులో కూర్చుని శనక్కాయ సంగతి తెలియనివ్వదనీ ఆయన ఫిర్యాదు. అందుకని దాన్ని మోచేతికి తగిలించుకుని వచ్చి, పోలీసులుండే చోటు దగ్గర పడగానే తలకు పెట్టుకుని, దాటగానే తీసేసేవాడు. మన వైపు సగం మంది చేసేదీ అదే.

టీ అంగట్లో నా కాగితం చూసి ఆయన ముచ్చటపడ్డాడు, ఆ వెంటనే తప్పు కూడా పట్టాడు.

"యాడుంటారో రాసినావు, బాగుండాది. యాడుండరో గూడా రాయి అల్లుడా. యాడ పెట్టుకోవాల్నో పోలీసోడే చెప్తాడు, యాడ తీసెయ్యాల్నో ఎవురు చెప్తారు?"

అంగట్లో అందరూ నవ్వారు. నేను నవ్వుతూనే ఒక ఆదివారమంతా కూర్చుని చివరి గడి చేర్చాను. మామ వచ్చే దారికి విడిగా, మీటర్లతో సహా, ఇంకో కాగితం రాసిచ్చాను. ఇంజనీరంటే మా అల్లుడని మిల్లులో అందరికీ చూపించాడట.

ఆ గడి రాసేటప్పుడే నాకు ఇంకో సంగతి కనబడింది. ఆఫీసు సంచిలోని పదకొండు చోట్ల జాబితా తీసి పక్కన పెట్టుకుని పోల్చి చూశాను. ఆ పదకొండింటిలో ఒక్కచోట కూడా, నేను రాసుకున్న అన్ని నెలల్లో ఒక్క రోజు కూడా, పోలీసులు నిలబడలేదు. నమ్మలేక మొదటినుంచీ మళ్ళీ సరిచూశాను. మనుషులు పడి చచ్చిపోయే చోట్లన్నీ నా "భయం లేదు" గడిలోకే వచ్చాయి. నా ఒళ్ళు మండింది. ఆ మంట అంతా పోలీసుల మీదికే పోయింది గానీ, ఆ గడి పైన నేను రాసిన మాట ఏమిటో నా కంటికి ఆనలేదు. మర్నాడు టీ అంగట్లో గొంతు పెంచి చెప్పాను, ఈ తనిఖీలన్నీ ఖజానాకు దుడ్లు పోగుచేయడానికే తప్ప మన తలకాయల కోసం కాదని. అందరూ నా భుజం తట్టారు.

కొత్త కాయలు మిల్లుకు వస్తున్న రోజుల్లో ఒక పొద్దున నాకు ఫోను వచ్చింది. నేను పోయేసరికి మామను అప్పటికే ఆటోలోకి ఎక్కించారు. తల ఒకవైపంతా రక్తం, స్పృహ లేదు. బండి మోరీ దాటిన ఆ మలుపులో పడి ఉంది. చక్రం కంకర మీద జారినట్టు పొడుగ్గా గీత ఉంది. హెల్మెట్ దానికి పది అడుగుల దూరంలో చిన్న గీటు కూడా లేకుండా బోర్లా పడి ఉంది, దాని పక్కనే రోడ్డు అంచున నేను వేసిన పసుపు గుర్తు ఉంది. మామ జేబులోంచి ఎవరో ఫోను తీస్తుంటే నాలుగు మడతలు పెట్టిన నా కాగితం కూడా బయటికొచ్చింది. మోరీ నుంచి ఊరి మొదటి పెట్రోలు బంకు దాకా భయం లేదని నా చేతిరాతలో ఉంది. ఆ లెక్కలో తప్పు లేదు. ఆ పొద్దున కూడా ఆ దూరంలో ఒక్క పోలీసూ లేడు.

కర్నూలు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాం. మామ బతికాడు. నడిచాడు, మనుషుల్ని గుర్తుపట్టాడు, అత్తను విసుక్కున్నాడు, అందరం గండం గడిచిందనుకున్నాం. ఇంటికి వచ్చిన వారానికి అత్త పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి పోయి మరిచిపోయింది. పక్కగదిలోనే కూర్చున్న మామకు, పొగ కళ్ళబడేదాకా పాలు మాడుతున్నాయని తెలియలేదు. జలుబేమో అనుకున్నారు. ఇంకో నెలకు ఆయన్ను మిల్లుకు నేనే తీసుకుపోయాను. అలవాటు ప్రకారం బస్తాలోంచి గుప్పెడు తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నలిపి మళ్ళీ పెట్టుకున్నాడు. రైతు ధర కోసం ఆయన మొహం వైపే చూస్తున్నాడు. మామ కాయలను తిరిగి బస్తాలో వేసి నా వైపు తిరిగాడు.

"ఏమీ లేదప్పా. నీళ్ళ మాదిరి ఉండాది" అన్నాడు.

తలకు తగిలిన దెబ్బకు వాసన తెలిపే నరాలు తెగి ఉంటాయనీ, తిరిగి రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం రెండు జాబితాలూ పట్టుకుని నా స్నేహితుడి నాయన దగ్గరికి పోయాను. ఆయన ట్రాఫిక్‌లో హెడ్ కానిస్టేబులు. అప్పుడే డ్యూటీ దిగి, బూట్లు విప్పి, రెండు కాళ్ళూ నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మలుపులో ఒక్కసారైనా ఎందుకు నిలబడలేదని నిలదీశాను.

"ఆడ బండి ఆపితే ఎనకొచ్చే టిప్పరు మా మీదికే ఎక్కుతాది నాయనా. మేమూ పెండ్లాం పిల్లలు గలోళ్ళమే. తిన్నటి రోడ్డు, కాస్త నీడ ఉంటేనే ఆపేకయ్యేది" అన్నాడు. అదీ నిజమే. మరి ఇదంతా దుడ్ల కోసం కాదా అంటే, దాన్నీ ఆయన దాచలేదు. "నెలకు ఇన్ని కేసులు కావాలని సారు అడుగుతాడు. యాడ రాసినారని అడిగింది ఒక్కసారే. అప్పుడు గూడా నీ కాయితం చూసే రాసి పంపిచ్చినాం. నీ మాదిరి రాసేటోళ్ళు మా స్టేషన్లో లేరు."

వాళ్ళను తప్పించుకోవడానికి నేను రాసింది వాళ్ళు పని చేసినందుకు రుజువుగా పైకి పోయిందన్నమాట. ఆయన తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని శానాసేపు చూశాడు.

"ఈ రొండూ నీ కాడనే ఉండెనా?"

ఉండేవన్నాను.

"మరి రొండూ ఒగే కాయితం మీద ఎందుకు రాయలా నువ్వు?"

ఆఫీసు కాగితం బయటపెట్టకూడదని ఏదో అన్నాను. టీ అంగట్లో దాని గురించి గొంతు చించుకున్న రోజున ఆ నియమం నాకు గుర్తురాలేదు. అసలు కారణం, ఎవరూ అడగలేదు. జరిమానా ఎక్కడ తప్పించుకోవచ్చో అడిగారు, తల ఎక్కడ పగులుతుందో అడగలేదు. వాళ్ళ సారుకు కేసుల సంఖ్య చాలినట్టే నాకు గడులు నిండితే చాలింది.

మర్నాడు రెండూ ఒకే కాగితం మీద రాశాను, పైన పోలీసులు ఉండే చోట్లు, ఉండని చోట్లు, కింద ఆ పదకొండు. భాయ్ అంటించాడు. పది రోజులకు చూస్తే జనం కింది సగం మడిచి పై సగానికే జిరాక్సు తీయించుకుంటున్నారు. కిందిది చదివితే పొద్దున్నే మనసు బాగుండదంటున్నారని భాయ్ చెప్పాడు. ఆ రోజే గోడ మీది కాగితం పీకేశాను. అప్పటికే అది ఎన్ని జేబుల్లోకి చేరిందో ఇప్పుడు ఫోను చూస్తే తెలుస్తోంది.

ఆ ఏడో మలుపు ఇప్పుడు లేదు. రోడ్డును వెడల్పు చేసి తిన్నగా లాగేశారు, కొంచెం ముందర స్తంభానికి కెమెరా పెట్టారు. అది అక్కడే ఎందుకుందో, మన తల కోసమో ఖజానా కోసమో, అడుగుదామంటే దాని దగ్గర మనిషి లేడు. నా స్నేహితుడి నాయన రిటైరయ్యాడు. కేసులు రాసిన రోజుల్లో ఆయన్ను ఎంతమంది తిట్టుకున్నామో గానీ, అడిగినదానికి మొహం చూసి నిజం చెప్పినవాడు ఆయన తర్వాత నాకు ఎవరూ ఎదురుపడలేదు.

మామను మిల్లువాళ్ళు తీసెయ్యలేదు, తూకం దగ్గర కూర్చోబెట్టారు. ధర ఇప్పుడు యంత్రం చెబుతుంది. కొత్త కాయలు వచ్చే రోజుల్లో నేను అటు పోతే ఆయన లేచి వచ్చి, నాలుగు కాయలు నా అరచేతిలోనే నలిపి, ఎట్లుండాదని అడుగుతాడు. ఏ రాయి నుంచి ఏ మలుపుకు ఎన్ని మీటర్లో ఇప్పుడు అడిగినా చెప్పగలను గానీ, వాసన చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఆయన అప్పట్లో వాడిన మాటలన్నీ గుర్తే, ఏ మాట ఏ వాసనకో నాకు తెలియదు. బాగుంది మామా అంటాను. ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన కాసేపు నా మొహం వైపే చూస్తూ నిలబడి, తర్వాత తూకం దగ్గరికి వెళ్ళిపోతాడు.