నాలుగు వేల మీటర్ల లోతు మీద ఒక శనివారం

ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున ఏడు గంటలకు విశాఖపట్నం రేవుల ఓడ ఎక్కిన. తెలంగాణ రాకముందు మూడేండ్ల సంగతి. భుజానికి ఒక సంచి. అందుల నాలుగు జతల బట్టలు, రెండు నీలం ఓవరాల్స్, రబ్బరు అడుగు బూట్లు, అమ్మ కట్టిచ్చిన చింతకాయ తొక్కు.

యుద్ధనౌక అది. మనుషులం రెండు వందల పైన. అరేబియా సముద్రం అవతలి దిక్కు సరుకు ఓడలకు దొంగల భయం ఉండె. వాటికి కాపలా పోవుడు మా పని. నా డ్యూటీ ఇంజన్ రూంల. నీటిమట్టం కంటె కింద ఉంటది. వేడి నలభై అయిదు డిగ్రీలు. చెవులకు డిప్పలు పెట్టుకోవాలె. మాటలుండవు, సైగలే.

మొదటి రోజు ఇంజన్ రూం చీఫ్ నన్ను పిలిచిండు. పంజాబు మనిషి, లావు మీసాలు.

"ఏ ఊరు నీది?"

"గోదావరిఖని. బొగ్గు బాయిల ఊరు."

"నాన్న ఏం పని చేస్తడు?"

"బాయిల దిగుతడు."

"అయితె వేడి గురించి నీకు నేను చెప్పేదేం లేదు" అని రెంచి చేతుల పెట్టిండు.

దొంగల గురించి అందరు అడుగుతరు. మాకు రెండుసార్లు కనబడ్డరు, రెండుసార్లు మమ్ముల చూసి మళ్లిండ్రు. నేను చెప్పేది ఆ కథ కాదు. ఏమీ జరగని ఒక రోజు గురించి చెప్తున్న.

ఏప్రిల్ ఆఖరి రోజు, శనివారం. ఎనభై దినాలు దాటింది మేము బయలెల్లి. నాలుగు దిక్కుల నీళ్లే. గాలి లేదు. సముద్రం ఇస్త్రీ చేసినట్టున్నది. తెల్లారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాక నా డ్యూటీ. అయిపోంగనే మొఖం కడుక్కొని వెనుక డెక్కు మీదికి పోయిన. ఉల్లిగడ్డల బస్తా ముందట పెట్టుకొని వంటాయన కూసున్నడు.

ఆయనది శ్రీకాకుళం దిక్కు. ఓడ మీద నాతోని తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ఆ బస్తా ఒలుస్తనని నేను మాటిచ్చిన. ఎందుకంటె, ఆ రోజు మా బాపుకు బాయిల ఆఖరి షిఫ్టు. ముప్పై మూడేండ్ల సర్వీసు. మొదటి షిఫ్టు మూడు గంటలకు ఇడుస్తరు. బాయి గేటు కాడికి మావోళ్లందరు దండలు పట్టుకొని పోతరు. నేను ఉండ. పైకొచ్చినంక గొంతన్న ఇనాలె అనుకున్న.

ఓడల ఉపగ్రహం ఫోను ఒక్కటే, సిగ్నల్ గదిల. పది రోజులకు ఒకసారి, మనిషికి మూడు నిమిషాలు. నా వంతు పన్నెండుంబావుకు పడ్డది. ఓడ గడియారం మన దేశం టైముకు గంటన్నర ఎనుక. అంటె ఖనిల ఒకటీ ముప్పావు. బాపు ఇంకా బొగ్గుల ఉంటడు. వంటాయన వంతు ఒకటీ యాభైకి. ఖనిల మూడూ ఇరవై. సరిగ్గ కావాల్సిన టైము.

ముందటి రోజు వంతులు మార్చుకుందమని అడిగితె ఆయన గరిటె కింద పెట్టలేదు. "తీసుకో తమ్ముడూ. మా ఇంటిది ఎప్పుడు చేసినా అదే తిట్టు తిడతాది. పన్నెండుకైతే నాకేటి, రెండుకైతే నాకేటి. ఓ బస్తా ఉల్లిపాయలు వలిచీ, సరిపోద్ది."

ఒలిచిన. కండ్లు మండినయి. డెక్కు మీద ఒకడు ఇంకొకనికి క్షౌరం చేస్తున్నడు. తాడు మీద బనీన్లు ఆరుతున్నయి. ఎగిరే చేపలు నీళ్లల్లకెళ్లి లేసి మళ్ల పడుతున్నయి.

పన్నెండు గంటలకు కోడికూర, సేమ్యా పాయసం తిన్నం. ఒంటిగంటకు మైకు మోగింది. కెప్టెన్ గొంతు.

"ఒకటిన్నరకు ఇంజన్లు ఆగుతయి. రెండూ పది దాక ఇష్టమున్నోళ్లు సముద్రంల ఈత కొట్టొచ్చు."

ఓడంత ఒక్కసారి లేసింది. నడి సముద్రంల ఓడ ఆపుడు మామూలు ముచ్చట కాదు. నేను గడియారం చూసుకున్న. నా ఫోను ఒకటీ యాభైకి. సిగ్నల్ గది ముందు లైను కట్టాలె. ముందోళ్లది ఆలస్యమైతే నాదీ ఆలస్యమే.

చీఫ్ నిక్కరు మీద ఎదురొచ్చిండు. "ఇరవై ఏండ్ల సర్వీసుల నాకు ఇది మూడోసారి. ఫోను పది రోజులకు మళ్ల వస్తది. ఇది వస్తదని చెప్పలేను" అన్నడు.

"మా బాపు ఆఖరి షిఫ్టు గూడ మళ్ల రాదు సార్."

ఆయన నా భుజం తట్టి ఉరికిండు.

లైన్ల నిలబడ్డ. ఇంజన్లు ఆగినయి. ఎనభై దినాల నుంచి కాళ్ల కింద ఉన్న ఆ వణుకు పోయింది. గోడ అవతల మనుషులు దుంకే చప్పుడు, నవ్వులు. ఒకటీ యాభై ఏడుకు నా వంతు వచ్చింది. సిగ్నల్ గది మనిషి చేతి గడియారం చూసి తలూపిండు.

మా చెల్లె ఎత్తింది. వెనుక డప్పులు. "బాపూ, అన్న" అని ఇచ్చింది.

"ఏంది బిడ్డా, గీ టైంల చేసినవ్? మంచిగనే ఉన్నవా?"

"మంచిగున్న. నువ్వు పైకొచ్చినవా అని చేసిన."

మాట అటు పోయి రావాలంటె ఒక క్షణం పడుతది. ఆగిన.

"వచ్చిన. మొఖం గూడ కడుక్కోనియ్యలే. మసి మీద్నే దండలేసిండ్రు." గొంతు సాఫ్ చేసుకున్నడు. "ఆడ ఏంది గంత లొల్లి?"

"ఓడ ఆపిండ్రు బాపూ. అందరు సముద్రంల ఈత కొడుతున్నరు."

"ఎంత లోతుంటది?"

"నాలుగు వేల మీటర్లట."

"మా బాయి మూడు వందల మీటర్లు. గంత దానికే మీ అమ్మ ముప్పై మూడేండ్లు పానం అరచేతుల పట్టుకున్నది. నువ్వు ఎందుకు దుంకలే?"

"నీతోని మాట్లాడుదామని."

"మాట్లాడినవ్ గదా. నేను ఇగ రోజూ పైననే ఉంట. ఎప్పుడు చేసినా దొరుకుత. సముద్రం దొరుకుతదా? జల్ది పో."

ఫోను ఆయనే పెట్టేసిండు. ఇంకా నిమిషం పైన మిగిలింది. సిగ్నల్ గది మనిషి నా దిక్కు చూసిండు. "నాన్న పొమ్మన్నడు" అన్న.

రెండూ ఒక్క నిమిషానికి వెనుక డెక్కు చేరిన. సొరచేప వస్తదేమోనని ఒకడు రైఫిల్ పట్టుకొని నిలబడ్డడు. కింద చిన్న పడవ తిరుగుతున్నది. ఇద్దరు మనుషుల ఎత్తు నుంచి దుంకిన. మీది నీళ్లు గోరువెచ్చగ, కిందివి చల్లగ. ఉప్పు ముక్కులకు పోయి దగ్గిన. వంటాయన వెల్లకిల పండుకొని తేలుతున్నడు.

"దొరికాడా నాన్న?"

"దొరికిండన్నా. తరిమిండు."

ఆయన నవ్వుతుంటె నీళ్లు మింగిండు. రెండూ పదికి హారన్ కొట్టిండ్రు. తాళ్ల వల పట్టుకొని ఎక్కినం.

ఎప్పుడు చేసినా దొరుకుతనన్న మనిషి తర్వాత రెండు వంతులల్ల దొరకలే. ఒకసారి రామకృష్ణాపూర్ల మేనత్త ఇంటికి పోయిండు, ఇంకోసారి కమాన్‌పూర్ల ఎవరిదో పెండ్లికి. "బాయికి పోవుడు బందైనంక ఇంట్ల నిలుస్తలేడు" అని అమ్మ ఫిర్యాదు.

జూన్ల తిరిగొచ్చినం. రామగుండం స్టేషన్ల బండి దిగి, సంచి భుజాన ఏసుకున్న. బాపు ఎదురొచ్చిండు. తెల్లంగి. గోర్ల కింద మసి ఇంకా పోలేదు.

"దిగినవా?" అన్నడు.

"ఇగో, నీ ముందటనే దిగిన గదా."

"బండి కాదు. సముద్రంల."

"దిగిన."

"ఎంతసేపు?"

"తొమ్మిది నిమిషాలు."

"చాలు" అని సంచి గుంజుకున్నడు.

నేవీ ఇడిసిపెట్టి చాన ఏండ్లైంది. ఓడ పేరు చెప్తె మొఖాలు కొన్ని యాదికొస్తయి, కొన్ని రావు. ఇదొక్కటి మాత్రం పోదు. ఆ తొమ్మిది నిమిషాలల్ల ఒకసారి ఊపిరి బిగబట్టి, నీళ్లల్ల కండ్లు తెరిచి కిందికి చూసిన. నా రెండు పాదాలు, తెల్లగ, చిన్నగ. వాటి సందుల నుంచి ఎండ గీతలు గీతలుగ కిందికి, ఇంకా కిందికి పోతున్నయి. అడుగు లేదు. అంత నీలం మీద నా పాదాలు ఊరికె ఊగుతున్నయి.